సోమవారాల పేజీ

పోయిన వారం మనం టైపక్కను కంప్యూటర్ సెంటర్ మెట్ల మీద, చేతిలో ఒక ఉత్తరంతో, నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా ఆవిడ అక్కడే కాళ్ళు పీకేలా నిలబడి ఉందని బెంగపడకండి. కథలో గడిచింది అరనిమిషమే. ఆ ఉత్తరంలో ఉన్న సంగతి చిన్నదే. యూనివర్సిటీలో ఉద్యోగం అయిపోయినవాళ్ళ లాగిన్‌నీ, నెట్‌వర్క్ డ్రైవులో వాళ్ళకిచ్చిన ఫోల్డర్‌నీ, వాళ్ళ సొంత వెబ్ పేజీనీ ముప్ఫయ్యో రోజు సాయంత్రం అయిదింటికి తీసేస్తారు. టైపక్కకి ఆ ముప్ఫయ్యో రోజు ఇవాళే, సోమవారం.

ఈ కథ ఈ వారమే చేతికందినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. టైపక్క ముప్ఫై నాలుగేళ్ళు కెమిస్ట్రీ డిపార్టుమెంటు ఆఫీసులో టైపు చేసింది. డిపార్టుమెంటు హెడ్డు దగ్గర్నుంచి మొన్న చేరిన స్టూడెంటు దాకా అందరికీ ఆవిడ టైపక్కే, అసలు పేరు జీతం రిజిస్టర్లో తప్ప ఇంకెక్కడా కనిపించదు. పెళ్ళి చేసుకోలేదు. తల్లిని చూసుకుంది. ఒక్కడే తమ్ముడు, ఆవిడకి చిన్నోడు. ఫోన్ టవర్లు బిగించే కంపెనీలో పని. ఇవాళ ఒక కొండ, రేపు ఒక అడవి. ఊరూరికీ ఫోన్లు మోగేలా చేస్తాడు గానీ అతని సొంత నంబరు మాత్రం మూణ్ణెల్లు నిలవదు. అందుకే పంతొమ్మిదేళ్ళ కిందట టైపక్క యూనివర్సిటీ తనకిచ్చిన చోటులో ఒక పేజీ తయారు చేసింది. ప్రతి సోమవారం మధ్యాహ్నం అన్నం డబ్బా కడిగేసి, అమ్మ కబుర్లు పది వాక్యాలు అందులో రాసేది. తమ్ముడు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళో నెట్ సెంటర్లో కూర్చుని చదువుకునేవాడు.

ఆ తర్వాత అమ్మ ఆపరేషనుకి అతను రాలేకపోయాడు. టైపక్క ఫోన్లో ఒక మాట అంది, అతను ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు, తొమ్మిదేళ్ళ పైచిలుకు అయింది. కంపెనీకి రాస్తే ఆ కాంట్రాక్టు ఎప్పుడో మారిపోయిందని జవాబు. అయినా టైపక్క సోమవారం మానలేదు. అమ్మ పోయాక రాయడానికి అమ్మ కబుర్లు లేవు కాబట్టి తన కబుర్లే రాసింది. మేడ మీద ఒంటి గదికి మారడం, కింద వాటా వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోవడం, శనివారం సాయంత్రం తాళం తీసి లోపలికి వెళితే మళ్ళీ సోమవారం పొద్దున ఆఫీసులో "వచ్చారా అక్కా" అని ఎవరో అనేదాకా నోరు విప్పే పని లేకపోవడం, అన్నీ. జవాబు వచ్చే దారి ఆ పేజీకి లేదు. వాడు చదువుతున్నాడు అనుకుంటేనే ఆవిడకి వారం గడిచేది.

ఇప్పుడు మెట్లు దిగుదాం.

కంప్యూటర్ సెంటర్ నేలమాళిగలో ఉంది. సర్వర్ల గది పక్కనే అద్దం తలుపు వెనకాల కోటా బాబు సీటు. ఎవరి ఫోల్డర్‌కి ఎంత చోటు ఇవ్వాలో కొలిచి ఇచ్చేది అతనే కాబట్టి ఆ పేరు. తలలు నెరిసిన ప్రొఫెసర్లు సైతం అతని ముందు చేతులు కట్టుకుని ఇంకో పది జీబీ ఇప్పించమని బతిమాలతారు. బయట ఎండ మండిపోతుంటే లోపల అతను స్వెటరూ మఫ్లరూ వేసుకుని కూర్చుంటాడు. సర్వర్లకి చల్లగా ఉండాలి, మనుషుల సంగతి ఎవరికి పట్టింది. మనిషి మంచివాడే. కాదని చెప్పాల్సి వస్తే మాత్రం కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెడతాడు.

టైపక్క ఉత్తరం ముందు పెట్టగానే కళ్ళజోడు తీశాడు.

రూలు తను రాసింది కాదన్నాడు. ఒక్కరికి వదిలితే రేపు పదిమంది వస్తారన్నాడు. కావాలంటే ఫోల్డరంతా పెన్ డ్రైవులోకి ఎక్కించి ఇస్తాను, ఒక్క అక్షరం పోదు, దర్జాగా ఇంటికి పట్టుకెళ్ళండి అన్నాడు. టైపక్క తల అడ్డంగా ఊపింది.

"పెన్ డ్రైవు నా సంచీలో ఉంటుంది బాబూ. నా సంచీ ఎక్కడుందో వాడికెలా తెలుస్తుంది?" అంది. "ఇల్లు మారాను. ఫోన్ మారింది. మొన్న కుర్చీ కూడా పోయింది. వాడికి తెలిసిన నా అడ్రసు ఈ లోకంలో ఇంకొక్కటే మిగిలింది. అది నువ్వు సాయంత్రం అయిదింటికి తీసేస్తానంటున్నావు."

కోటా బాబు తుడిచిన కళ్ళజోడే మళ్ళీ తుడిచాడు. ఆవిడకో తమ్ముడున్నాడని అతనికి ఇవాళే తెలిసింది. పదేళ్ళుగా కారిడార్లో ఎదురుపడితే బాగున్నారా అంటే బాగున్నారా అనుకోవడమే గానీ, అంతకు మించి ఒకరి సంగతి ఒకరికి తెలియదు. సరే, ముందు ఆ పేజీ ఏమిటో చూద్దాం, ఒక్క పేజీయే అయితే డైరెక్టర్‌ని అడిగి డిపార్టుమెంటు సైటులో ఏ మూలో ఇరికించే ఉపాయం ఆలోచిద్దాం అన్నాడు. స్టాఫ్ జాబితాలోంచి ఆవిడ వెబ్ అడ్రసు తీసి కొట్టాడు.

పేజీ తెరుచుకుంది. అతను చదివాడు. చదవడానికి పట్టాల్సిన దానికన్నా ఎక్కువసేపు దాని వంకే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత స్క్రీను ఆవిడ వైపు తిప్పాడు.

తెల్లటి పేజీలో నాలుగే వాక్యాలు ఉన్నాయి.

అమ్మ పోయింది.
నువ్వు రాలేదు.
ఇక ఈ పేజీ చూడకు.
నాకు తమ్ముడు లేడు.

టైపక్క ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుంది. ఇది కాదంది. ఇది ఎప్పుడో తీసేశానంది. రాసిన మర్నాడు పొద్దున్నే, ఆఫీసు తలుపు తీస్తూనే, చెప్పులు కూడా విప్పకుండా తీసేశానంది. కావాలంటే చూడమని పక్కనున్న ఖాళీ కంప్యూటర్ ముందు కూర్చుంది.

లాగిన్ అయింది. నెట్‌వర్క్ డ్రైవు తెరిచింది. అందులో తన ఫోల్డరు, దాంట్లో వెబ్ అనే ఫోల్డరు, దాంట్లో ఒక్కటే ఫైలు. దాని మీద రెండుసార్లు నొక్కింది. పేజీ వచ్చింది, ఇన్నేళ్ళూ తను చూస్తూ వచ్చిన పేజీయే. రిటైరయ్యే ముందు ఆఖరి సోమవారం రాసింది పైన, దాని కింద అంతకు ముందు సోమవారం, అలా కిందికి జరుపుతూ పోతే తొమ్మిదేళ్ళ సోమవారాలు. ఆ నాలుగు వాక్యాలు మాత్రం ఎక్కడా లేవు.

"ఇదిగో, ఇదీ నా పేజీ," అంది టైపక్క.

కోటా బాబు వంగి చూశాడు. అతను పేజీని చూడలేదు, పేజీకి పైనున్న సన్నటి గీతను చూశాడు. వెబ్ అడ్రసు ఉండాల్సిన ఆ చోట డ్రైవు పేరూ, ఫోల్డరు పేరూ, ఫైలు పేరూ ఉన్నాయి. టైపక్కకి ఆ గీతలో ఏముందో చూసే అలవాటు లేదు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆవిడ కళ్ళు కాగితం మీద అక్షరాల కోసం వెతికాయి గానీ, కాగితం ఏ బల్ల మీద ఉందో చూడలేదు.

అతను నెమ్మదిగా చెప్పాడు. మీరు ఫైలు మీద నొక్కితే మీ ఫోల్డరులో ఉన్నది మీ కంప్యూటర్లో తెరుచుకుంటుందక్కా, అది వెబ్ కాదు, మీకొక్కరికే కనిపిస్తుంది. ఒకప్పుడు ఈ ఫోల్డరులో పెట్టింది నేరుగా బయటికి కనిపించేది. తర్వాత వెబ్ పేజీలన్నిటినీ కొత్త సర్వర్‌కి మార్చాం. ఆ రాత్రి అందరి ఫోల్డర్లలో ఉన్నది ఉన్నట్టు కాపీ చేశాం. మర్నాటి నుంచి ఏం మార్చుకోవాలన్నా కొత్త డ్రైవులో మార్చుకోవాలి. పాతదాంట్లో మారిస్తే బయట ఏమీ మారదు. అందరికీ సర్క్యులర్ పంపాం.

ఎప్పుడు పంపారని అడిగింది టైపక్క. అతను వెతికి తారీఖు చెప్పాడు. ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఆ తారీఖున ఆవిడ ఆస్పత్రిలో అమ్మ మంచం పక్కన స్టూలు మీద ఉంది. సెలవు నుంచి తిరిగొచ్చేసరికి వందల కొద్దీ మెయిళ్ళు పేరుకుని ఉన్నాయి. అన్నీ కలిపి ఒక్క దెబ్బతో తీసిపారేసింది. ఆ పని చేసినందుకు ఆరోజు ప్రాణం తేలికపడ్డట్టయింది కూడా.

కాపీ చేసిన రాత్రి ఏదని అడిగింది. సోమవారం రాత్రి అన్నాడు అతను.

సెలవు అయ్యాక ఆవిడ ఆఫీసుకొచ్చిన మొదటి రోజు ఆ సోమవారమే. పొద్దుటి నుంచి అందరూ పలకరించి వెళ్ళారు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఒక్కతే కూర్చుంది. కోపమంతా వేళ్ళలోకి దిగింది. పేజీలో అంతకు ముందున్నదంతా చెరిపేసి, నాలుగు వాక్యాలు కొట్టి ఇంటికెళ్ళింది. తెల్లారేసరికి కోపం పోయి సిగ్గు మిగిలింది. తొమ్మిదింటికల్లా వచ్చి చెరిపేసి, కోపంలో అన్నాను, ఎప్పుడొచ్చినా రా అని రాసింది. ఆ రాత్రికీ పొద్దుటికీ మధ్య ఎవరో కోటా బాబు లాంటివాడు ఇక్కడ, ఈ చలిలో కూర్చుని, యూనివర్సిటీలో అందరి ఫోల్డర్లతోపాటు ఆవిడ కోపాన్ని కూడా జాగ్రత్తగా కాపీ చేసి పెట్టాడు.

"నేనే చేశానక్కా," అన్నాడు కోటా బాబు.

టైపక్క అతన్ని తప్పు పట్టలేదు. ఆవిడకి ఆ క్షణాన అతను కనిపించనే లేదు. అమ్మ పోయిందన్న కబురు చిన్నోడికి ఆ నాలుగు వాక్యాల్లోంచే తెలిసి ఉంటుంది. చెప్పడానికి ఇంకెవరున్నారు. మొదటి వాక్యం చదివి కళ్ళు తుడుచుకునేలోపల నాలుగోది చదివి ఉంటాడు. ఇటు తనేమో తొమ్మిదేళ్ళుగా రా, ఎప్పుడొస్తావు, ఒంట్లో ఎలా ఉంది అంటూ తన కంప్యూటర్‌కి తనే చెప్పుకుంది. ఆ సోమవారాలన్నిటిలో తనకి తోడు ఎవరో ఉన్నారనుకుంది. ఒక్కరూ లేరు.

ఒక్క ప్రశ్న అడిగింది. ఆ నాలుగు వాక్యాలనీ ఎవరైనా చూశారా?

ఇక్కడ కోటా బాబు గురించి ఒక రహస్యం చెప్పాలి. ఊరందరి ఫైళ్ళూ నిర్దాక్షిణ్యంగా చెరిపేసే ఈ పెద్దమనిషి తన వాటిలో చిత్తుకాగితం కూడా పారేయడు. ఏ పేజీని, ఏ రోజు, ఏ గంటకి, ఏ కంప్యూటర్ నుంచి చూశారో కొత్త సర్వర్ రాసుకునే చిట్టాలన్నీ మొదటి రోజు నుంచీ దాచాడు. ఎందుకు దాచావంటే చెప్పలేడు. ఆ చిట్టాలు తెరిచి ఆవిడ పేజీ అడ్రసు పెట్టి వెతికాడు. చూసినవాళ్ళ వరస స్క్రీను నిండి కిందికి జారింది.

తను ఇందాక చూసింది తీసేస్తే నూట మూడుసార్లు. నెలకొకటి, ఒక్కోసారి రెండు నెలలకొకటి. కంప్యూటర్ నంబర్లు ఏ రెండూ ఒకటి కావు, ఏవేవో ఊళ్ళవి. కోటా బాబు వేలు తారీఖుల మీద పాకుతూ పోయి ఒకచోట ఆగింది. పక్కన క్యాలెండర్ తెరిచి అయిదారు తారీఖులు సరిచూశాడు.

"అన్నీ సోమవారాలేనక్కా," అన్నాడు.

టైపక్క ఏడ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు, ముఖం తిప్పుకోలేదు, కూర్చున్నచోటే కూర్చుని ఏడ్చింది. చూడకు అని రాస్తే నూట మూడుసార్లు చూశాడు. మారిందేమోనని చూశాడు. ప్రతిసారీ అదే ఉంది. కోటా బాబు లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు, అవి ఆ గదిలో ఉండే అన్నిటిలాగే చల్లగా గడ్డకట్టేలా ఉన్నాయి. మఫ్లర్ తీసి ఆవిడకివ్వబోయి, ఎందుకో మళ్ళీ తనే చుట్టుకున్నాడు.

సాయంత్రం అయిదు ఇంకా దూరముందని అతనే గుర్తుచేశాడు. అప్పటిదాకా ఆవిడ లాగిన్ పనిచేస్తుంది. కొత్త డ్రైవు తెరిచి చూపించాడు. ఇందులో మార్చి సేవ్ చేస్తే ఆ నిమిషం నుంచే లోకమంతటికీ కనిపిస్తుందన్నాడు. తొమ్మిదేళ్ళ సోమవారాలూ కలిపి ఒక్కసారే కాపీ చేసేస్తానన్నాడు, నిమిషం పని. టైపక్క ఆగమంది. అంత పెద్ద పేజీ తెరిస్తే వాడికి కావలసిన ముక్క ఎక్కడుందో దొరకదు. ముందు ఆ నాలుగూ పోవాలి.

ఎంతమంది పరిశోధనలో, ఎన్ని వేల పేజీలో, తడుముకోకుండా టైపు చేసిన వేళ్ళు అవి. ఒక్కో అక్షరం దగ్గరా ఆగాయి. ఒక వాక్యం రాసి చెరిపేసింది. ఇంకోటి రాసి అదీ చెరిపేసింది. చివరికి ఇలా ఉంచింది.

చిన్నోడా, అది కోపంలో రాశాను. మర్నాడే తీసేశాననుకున్నాను, ఇవాళ్టిదాకా తీయలేదని ఇప్పుడే తెలిసింది. నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. అక్క.

దాని కింద ఫోన్ నంబరు వేసింది. సేవ్ చేసింది. గోడ గడియారంలో పదకొండూ ముప్ఫై అయిదు. కోటా బాబు తన కంప్యూటర్ మీద ఆ అడ్రసు మళ్ళీ కొట్టి చూశాడు. కొత్తది వచ్చింది. ఇప్పుడు ఇది వెబ్బేనా అని టైపక్క పై గీత వంక చూసి మరీ అడిగింది. వెబ్బే అన్నాడు.

అలవాటు కొద్దీ అతను చిట్టా కూడా ఒకసారి తిరగేశాడు. తను ఇప్పుడు చూసింది అడుగున ఎక్కింది. దానికి పైన ఇంకో వరస ఉంది, ఇందాక లేనిది. పదకొండూ ఇరవై ఎనిమిది. కోటా బాబు ఆ నంబరు చదివి కుర్చీలో ముందుకు జరిగాడు. మిగతా నూట మూడూ ఎక్కడెక్కడివో. ఇదొక్కటి మాత్రం వెతుక్కోనక్కర్లేనిది. యూనివర్సిటీ కంప్యూటర్ల నంబర్లన్నీ అతని నోటి మీదే ఉంటాయి.

"ఇది మన లైబ్రరీది," అన్నాడు. "కింద హాల్లో, బయటివాళ్ళు కూర్చునే చోటు."

టైపక్కకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఈలోగా అతను ఇంటర్‌కమ్ అందుకుని లైబ్రరీ కౌంటర్ నంబరు నొక్కాడు. కౌంటర్ ఆవిడ మాటలు ఆ గదంతా వినిపించాయి. అవును, ఒకాయన వచ్చారు, విజిటర్ స్లిప్పు రాయించుకున్నారు. పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు, బాగా ఎండకి నల్లబడ్డ ముఖం. పది నిమిషాలు కూడా కూర్చోలేదు. ఒక్క పేజీ ప్రింటు తీయించుకుని, పెన్ను అడిగి తీసుకుని, కెమిస్ట్రీ ఆఫీసుకి ఎటు వెళ్ళాలో కనుక్కుని వెళ్ళిపోయారు. పేజీలో ఏముందో నేను చదవలేదు, నాలుగు లైన్లే ఉన్నాయండీ అంత కాగితానికీ, అంది.

కోటా బాబు చిట్టా మళ్ళీ చూశాడు. పదకొండూ ముప్ఫై అయిదు తర్వాత ఆ పేజీని తను తప్ప ఎవరూ తెరవలేదు. కొత్తది ఆయన చూడలేదక్కా అన్నాడు, తన తప్పు ఒప్పుకుంటున్నవాడి గొంతుతో. అంటూనే కెమిస్ట్రీ ఆఫీసు నంబరు నొక్కి రిసీవర్ ఆవిడ చేతికిచ్చాడు.

నాలుగుసార్లు మోగాక టైపక్క కుర్చీలో నెల రోజులుగా కూర్చుంటున్న కొత్తమ్మాయి ఎత్తింది. గొంతు గుర్తుపట్టి, మీకే ఫోన్ చేద్దామనుకుంటున్నాను అక్కా, మీ నంబరు ఎక్కడ రాసుకున్నానో దొరకలేదు అంది. ఇప్పుడే ఒకాయన వచ్చి మీకోసం అడిగారు, మీరు రిటైరయ్యారని చెప్పాను, కాసేపు ఆ కుర్చీ వంకే చూస్తూ నిలబడ్డారు అంది.

"ఒక కాగితం ఇచ్చారు. ఎప్పుడైనా కనిపిస్తే ఆవిడది ఆవిడకి తిరిగి ఇచ్చేయమన్నారు. కింద పెన్నుతో ఏదో రాశారు. చదవమంటారా?"

"కాగితం వద్దమ్మా," అంది టైపక్క. "ఆయనేడీ?"

"ఇప్పుడే మెట్లు దిగారు."

"అది అక్కడ పడేసి వెళ్ళు. ఆయన్ని ఆపు. అక్క ఉంది, ఇక్కడే ఉంది అని చెప్పు. పరిగెత్తు."

అటువైపు కుర్చీ వెనక్కి జరిగింది. రిసీవర్ బల్ల మీద పడ్డ చప్పుడు, ఆ వెంటనే చెప్పులు టపటపమంటూ దూరమైపోతున్న చప్పుడు. కోటా బాబు అప్పటికే మెట్లెక్కి ఎండలోకి పరిగెడుతున్నాడు. టైపక్క మాత్రం కదల్లేదు. ఖాళీ ఆఫీసులోని నిశ్శబ్దాన్ని చెవికి ఆనించుకుని నిలబడి, "చిన్నోడా" అంది ఫోన్లోకి, వినేవాళ్ళు ఎవరూ లేరని తెలిసి కూడా.